కత్తెరేల: టీకా తాత్పర్య సహితము

మూలము

ఓడ గాలికెదురు నోడక తిరుగును
తీగ లాగి పట్టి తీసి విడుచు
నావిరెగయ నెగురు నాకాశపక్షియు
కత్తెరేల దండ కట్టనేల

అవతారిక: ఈ పద్యం ఎవరిదో తెలియదని రాద్దామనుకున్నాను. కర్త తెలియని పద్యానికి ఉండే గౌరవం వేరు. కాని మా ఊరు మురమళ్ళలో అలాంటివి దాగవు. పద్యమూ నాదే, టీకా నాదే. ఇంకొకరు వ్యాఖ్య రాస్తారని కూర్చుంటే మా బస్సు షెల్టరు గతి పడుతుంది. ఆ కథ ముందుంది. ఛందస్సు ఆటవెలది. మొదటి పాదంలో ప్రాసయతి వేశాను. 'ఎదురు' తర్వాత ఆ నకారం ఎక్కడిదని వైయాకరణులు అడుగుతారు. గాలికి కొట్టుకొచ్చింది.

ప్రతిపదార్థము: ఓడ అంటే ఓడ, తీగ అంటే తీగ. మిగతావి మీకు తెలుసు. మెదక్ సీమ కొల్చారం నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య మొదలుపెడుతూ రెండు నియమాలు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయడు, అక్కర లేనిది చెప్పడు. మహానుభావుడు. ఆయనకు ఇక్కడినుంచే దండం పెట్టి రెండో నియమానికి సెలవు ఇప్పిస్తున్నాను.

'ఆకాశపక్షి': బ్రెగే అలిజే అనే ఫ్రెంచి విమానం. ఒక్క ఇంజను, ముక్కున ఒక్క ప్రొపెల్లరు, లోపల ముగ్గురు మనుషులు, సముద్రంలో జలాంతర్గాములను వెతకడం పని. ఆ పేరుకు ఫ్రెంచిలో ఒక చక్కటి అర్థం ఉంది. చెబితే టీక మరీ సులువైపోతుంది, చెప్పను. మాకు ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 1954లో ఫ్రెంచివాళ్ళు అక్కడ పాలన వదిలి వెళ్ళారు. 1961కల్లా వాళ్ళ విమానం మన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ మీద రెక్కలు ముడుచుకుని కూర్చుంది. ఇందులో విశేషం ఏమీ లేదు, మా పక్క ఊరి ప్రస్తావన తేవాలనిపించింది.

'ఓడ గాలికెదురు తిరుగును': పద్యానికి ప్రాణం ఇక్కడుంది. రెక్క చుట్టూ గాలి చాలినంత వేగంగా పోతేనే విమానం లేస్తుంది. నేల మీద రన్‌వే కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. ఓడ మొత్తం పొడవే 700 అడుగులు. అందుకని ఓడే గాలికి ఎదురు తిరిగి, ఉన్న వేగమంతా పెట్టి పరుగెడుతుంది. ఓడ వేగం, గాలి వేగం కలిసి డెక్కు మీద ఒకే గాలి అవుతాయి. చుట్టూ కాపలా ఉన్న యుద్ధనౌకలు కూడా దానితో పాటే మళ్ళాలి. ఒక్క విమానం ఎగరడం కోసం వెయ్యిమందికి పైగా ఉన్న ఓడ దారి మార్చుకుంటుంది. విమానం డెక్కు మీద నిలబడి, "అడ్మిరల్ గారి కారు ఇంకా రావులపాలెం దాటలేదట" అని వినదు.

1971లో, పాకిస్తాన్‌తో యుద్ధం వేళ, ఈ లెక్క కష్టమైంది. విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లు, అందులో ఒకటి పగులు తీసింది. గంటకు సుమారు 30 కిలోమీటర్లకు మించి పోవద్దని కట్టడి పెట్టారు. సముద్రం మీద గాలి పలచబడిన రోజున అలిజేకు కావలసిన ఎదురుగాలి ఆ వేగంతో పుట్టించడం గగనమే. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ ఆ ఓడనే తీసుకుపోయాడు. డిసెంబరు 4న సీహాక్ జెట్లు కాక్స్‌బజార్, చిట్టగాంగుల మీద దాడి మొదలుపెట్టాయి. ఆ యుద్ధంలో అలిజేలూ ఆ డెక్కు మీదినుంచే లేచాయి. విశాఖ బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి ఇక్కడ చెప్పాలని నాకూ నోరు దురదగానే ఉంది, కాని దాని మీద సినిమా వచ్చేసింది.

'ఆవిరెగయ': దీనికి రెండర్థాలు. మొదటిది కాటపుల్టు ఆవిరి, దాని సంగతి తర్వాత. రెండో అర్థానికి కాకినాడ వెళ్ళాలి. మురమళ్ళ నుంచి యానాం మీదుగా గంట ప్రయాణం. 1942 ఏప్రిల్‌లో ర్యూజో అనే జపాను ఓడ మన బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని మీదినుంచి లేచిన ప్రొపెల్లరు విమానాలు 6న విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. జపాను విమానవాహక నౌకలకు కాటపుల్టు లేదు. విమానాలు డెక్కు మీద తమంతట తామే పరుగెత్తి లేచేవి. మరి ఆవిరి ఎందుకు? డెక్కు ముందు కొసన ఒక చిన్న రంధ్రం. అందులోంచి సన్నటి ఆవిరి పాయ వదిలేవారు. ఆ పాయ డెక్కు మీద గీసిన తెల్ల గీతల వెంట తిన్నగా వెనక్కి పారితే ఓడ సరిగ్గా గాలికి ఎదురుగా ఉన్నట్టు. పక్కకు వాలితే ఇంకొంచెం తిప్పాలి. ఇంత సున్నితమైన పరికరం గురించి నేను ఇంకెక్కడా చదవలేదు. అదే నెల 18న అమెరికా ఓడ హార్నెట్ మీదినుంచి 16 పెద్ద బాంబరు విమానాలు, అవీ ప్రొపెల్లరువే, అవీ కాటపుల్టు లేకుండానే, జపాను మీదికి ఎగిరాయి. వెనక విమానాలన్నీ వరసగా నిలబెట్టడంతో అందరికన్నా ముందున్న దళనాయకుడు డూలిటిల్‌కు దొరికిన చోటు 467 అడుగులు. ఆ పూట గాలి జోరుగా వీచింది, సరిపోయింది. ర్యూజో ఆ ఆగస్టులో సాలమన్ దీవుల దగ్గర మునిగింది. కాకినాడ మీద బాంబు వేసినవాడిని నేను మెచ్చుకోవడం లేదు. గాలిని కళ్ళకు కట్టించిన ఆ ఆవిరి పాయను మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను.

ఎక్కడున్నాం? కత్తెర దగ్గరికి రావాలి.

'తీగ లాగి పట్టి తీసి విడుచు': ఇందాక చెప్పిన కాటపుల్టు ఇదే: డెక్కులో పొడుగ్గా ఒక గాడి, గాడిలో ఒక కొక్కెం. విమానం పొట్టకు ఉక్కుతాడు తగిలించి ఆ కొక్కేనికి వేస్తారు. వెనకవైపు ఇంకో కట్టు ఉంటుంది, దానిలో ఒక లోహపు రింగు. పైలట్ ఇంజను పూర్తిగా పెంచుతాడు. ప్రొపెల్లరు రొదకు డెక్కు అదురుతుంది, అయినా విమానం కదలదు. ఆ రింగు పట్టి ఉంచుతుంది. డెక్కు ఆఫీసరు జెండా కిందికి వాల్చగానే ఆవిరి పిస్టన్లను తోస్తుంది. అప్పుడు, ఆ బలం చాలినప్పుడు మాత్రమే, రింగు పుటుక్కున తెగుతుంది. రెండు మూడు సెకన్లలో విమానం సముద్రం మీద ఉంటుంది. పండితులు గమనించాలి: ఇక్కడా ఒకటి తెగుతోంది. కాని దాన్ని ఎవరూ కోయరు. పని సిద్ధమైతే అదే తెగుతుంది. పళ్ళెంలో కత్తెర పట్టుకుని, కుంకుమ పెట్టుకుని, ఫొటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వుతూ నిలబడేవాడు ఆ డెక్కు మీద ఉంటే ప్రొపెల్లరు ఊరుకోదు.

'కత్తెరేల': ఇప్పుడు షెల్టరు. మా రోడ్డు మీద జ్యేష్ఠంలోనే కట్టడం అయిపోయింది. రంగు వేశారు, బల్ల వేశారు, శిలాఫలకం పెట్టి పసుప్పచ్చ గుడ్డ కప్పారు. చుట్టూ తాడు కట్టారు. ముఖ్య అతిథి గారికి తీరుబడి లేదు. శ్రావణంలో వాన. ఇద్దరు ముసలమ్మలు తాడుకి ఇవతల, చూరు నీళ్ళు సరిగ్గా నెత్తిన పడేచోట నిలబడ్డారు. "కాస్త లోనికి రానియ్యి బాబూ, తడిసి ముద్దయిపోతన్నాం." "ఆయ్, ఓపెనింగ్ అవ్వలేదండి మామ్మగారూ, రేపో మాపో అయిపోద్దండి." తాడు కట్టిన కుర్రాడు గొడుగు వేసుకుని కాపలా ఉన్నాడు. శిలాఫలకం మాత్రం గుడ్డ కప్పుకుని షెల్టరు లోపల పొడిగా ఉంది. నాకు ఇక్కడ అలంకారాలు పనిచేయవు. ఒళ్ళు మండిపోతుంది, అంతే.

పాఠాంతరము: 'కత్తెరేల' చోట 'మైకులేల' అని కొందరు చదువుతారు. యతి చెడుతుంది గనుక అంగీకరించలేదు.

పూర్వపక్షము: విక్రాంత్‌కు మాత్రం ప్రారంభోత్సవం జరగలేదా? 1961 మార్చి 4న బెల్ఫాస్ట్‌లో విజయలక్ష్మీ పండిట్ చేయలేదా? చేశారు. ఆ ఓడ 1945లోనే నీళ్ళలోకి దిగి, పూర్తికాకుండానే ఏళ్ళ తరబడి పడి ఉంది కూడాను. అది యుద్ధం అయిపోయినందుకు, అతిథి రానందుకు కాదు. పైగా ఆ ఉత్సవం ఓడకు ఒక్కసారి. తర్వాత ఎగిరిన ఏ విమానానికీ రిబ్బను కట్టలేదు. ముహూర్తం మాటేమిటని రెండో ఆక్షేపం. మా ఊళ్ళో భద్రకాళీ వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణమే. పెళ్ళి కుదరనివాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి చేయించుకుంటారు. ఏడాది పొడుగునా రోజూ పెళ్ళి కొడుకైన దేవుడు ఒక్క పూటైనా ముఖ్య అతిథి కోసం తాళిబొట్టు ఆపినట్టు స్థలపురాణంలో లేదు.

'నెగురు': వర్తమానంలో చెప్పాను గాని ఇప్పుడు ఎగరదు. 1980ల చివర విక్రాంత్ కాటపుల్టు తీసేసి, ముందు కొసను సీహారియర్ జెట్ల కోసం పైకి వంచారు. అలిజేకు ఆ డెక్కు మీద చోటు పోయింది. 1997లో ఓడ సేవ ముగిసింది, 2014లో ముక్కలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఉక్కులో కొంత బజాజ్ వీ మోటారు సైకిళ్ళ పెట్రోలు ట్యాంకుల్లో ఉంది.

'పక్షియు': చివరి 'యు' సముచ్చయార్థకం. అంటే పక్షితో పాటు ఇంకేదో కూడా ఎగిరిందని కవి సూచన. పాదపూరణ కోసం వేశాడనే వాదం తప్పు. షెల్టరు ఆశ్వయుజంలో, మూడు దండలూ రెండు ఉపన్యాసాలతో ప్రారంభమైంది. ఆ తర్వాత వచ్చిన మొదటి వాయుగుండానికే కప్పు రేకు లేచింది. రోడ్డు దాటి, కొబ్బరిచెట్ల మీదుగా వెళ్ళి ఎవరి చెరువులోనో దిగింది. కాటపుల్టు లేదు, జెండా లేదు, ఎదురుగాలి ఒక్కటే. దాన్ని తెచ్చి మళ్ళీ బిగించమని అర్జీ పెట్టాం. బిగిస్తారట, డేటు దొరకాలట.