సేటు రివాల్వర్ బేరం

"మన్నిక ముఖ్యం. రేటు చేతికందేటట్టుండాలె. నడుముకు పెట్టుకుంటే బరువు తెల్వొద్దు, నిశానా పెడితే గురి తప్పొద్దు. ఏది తీసుకుందాం?"

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి చాయ్ హోటల్లో వారాల తరబడి ఇదే ముచ్చట. అడుగుతున్నది బాదేపల్లి మార్కెట్లో పల్లికాయ అడ్తి నడిపే సేటు. కాయ ఒలిచి, గింజ నమిలి, తేమ చూసిగానీ రేటు చెప్పని మనిషి. రివాల్వర్‌ను కూడా నమిలి చూడనిస్తారన్న ధీమాతో ఉన్నాడు. మొదట్లో తోటివాళ్లు సరదాగానే విన్నారు. ఇప్పుడు ఆయన బండి కనబడితే చాయ్ సగంలో వదిలి లేచిపోతున్నారు. పోయినవాళ్లకు ఫోన్ చేస్తున్నాడు.

ఏది కొనాలని ఆయన ఇంతగా తన్నుకులాడుతున్నాడు గానీ, ఏరుకోవడానికి అంగట్లో ఉన్నదెంత? 1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చి, నల్లవాడు తుపాకీ పట్టాలంటే తెల్లవాడి దస్తఖతు కావాలన్నాడు. పాలమూరు అప్పుడు నిజాం ఇలాకా కనుక ఇక్కడి దస్తఖతు వేరు. 1959లో కొత్త చట్టం వచ్చి దస్తఖతు పెట్టే చెయ్యిని మార్చింది, దస్తఖతు మాత్రం అట్లనే ఉంది. ఫౌజు, పోలీసులు వాడే .38, 9 ఎంఎం లాంటివి మామూలు జనానికి నిషేధం. 1980ల నడుమ నుంచి విదేశీ సరుకుకూ తలుపు మూసేశారు. మిగిలిన రివాల్వర్లలో ప్రధానమైనది .32. ఆ తూటా పుట్టింది 1896లో. సేటు తాతకు కూడా అది పాత సరుకే.

ఆ .32లో అందరికీ తెలిసింది కాన్పూరు సర్కారీ కార్ఖానాది. దాని వంశం ఇంగ్లండు వెబ్లీది. పైన గొళ్లెం నొక్కితే నడుం దగ్గర విరిగి, కాల్చిన డొల్లలన్నీ ఒక్కసారే బయటికి దుంకుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. మన్నిక అడిగేవాడు చూడాల్సింది మాత్రం ఆ కీలునే. కాల్చేకొద్దీ కీలూ గొళ్లెమూ వదులవుతాయి. చట్రం విరగకుండా ఒకే ముక్కగా ఉండి, తూటాల చక్రం పక్కకు తెరుచుకునే రకం అంతకంటే గట్టిది. ప్రపంచమంతా నూరేళ్లకు పైగా వాడుతున్న ఆ పద్ధతి, మన సర్కారీ కంపెనీ .32 రివాల్వర్‌లోకి 2023 ఆగస్టు 18న 'ప్రబల్' పేరుతో వచ్చింది. బరువు 675 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు, 50 మీటర్ల దాకా కొడుతుందని తయారుచేసినవాళ్ల మాట.

అంతకుముందు 2014లో ఆడవాళ్ల రక్షణ కోసమని 'నిర్భీక్' తెచ్చారు. టైటానియం మిశ్రమం, అరకిలో బరువు, హ్యాండుబ్యాగులో ఇమిడిపోతుందన్నారు. అప్పటి ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. అది కొన్నాక ఇక హ్యాండుబ్యాగులో పెట్టుకోవడానికి ఇంకేం మిగలదు.

సేటు లెక్క ఇక్కడే అడ్డం తిరిగింది. నడుముకు తేలికది కావాలి, గురి నేర్చుకోవడానికి బరువైనది కావాలి. తేలిక తుపాకీ చెయ్యిని ఎక్కువ ఎగరేస్తుంది, పొట్టి గొట్టం గురిని చెడగొడుతుంది. రెంటికీ ఒకటే కావాలంటే రెంటికీ అరకొరగా పనికొచ్చేదే దొరుకుతుంది. పైగా గురి నేర్చుకోవడానికి పొలం గట్టు పనికిరాదు. రేంజికి పోవాలంటే గచ్చిబౌలి దిక్కు, వంద కిలోమీటర్లు. తూటాలు ఒక్కసారి ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చో, ఏడాదికెన్ని కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. రోజూ కాల్చి చెయ్యి కుదుర్చుకుంటానంటే కుదరదు. కొనుడు, నూనె రాసుడు, బీరువాల పెట్టుడు. ఆ వాడకానికి ఏ కంపెనీదైనా నూరేళ్లు మన్నుతుంది.

ఇక్కడ పిట్టలదొర సంగతి చెప్పకుండా ముందుకుపోవడం అన్యాయం. ఊరూరా తిరిగి జనాన్ని నవ్వించే వేషగాడు. తుపాకి రాముడు అన్నా ఆయనే, లత్కోర్ సాబ్ అన్నా ఆయనే. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ, నోటినిండా కోతలు. సేటు పెట్టిన షరతులన్నీ ఆ కట్టె తుపాకీకి పెట్టి చూస్తే ఒక్కటీ తప్పదు. మన్నిక: తాత మోసింది మనవడు మోయొచ్చు. తుప్పు పట్టదు, చెదలు ఒక్కటే శత్రువు. ధర: వడ్లాయన కూలి, మహా అయితే ఒక పూట కల్లు. నడుముకా, భుజానికా అన్న పేచీ లేదు. ఠాణా ముందు నుంచే ఎత్తుకుపోవచ్చు, లోపలివాళ్లు పిలిచి మరీ ఇంకో కోత కోయమంటారు. తూటా నోట్లోనే తయారు, ఏడాదికి ఇన్నే అన్న లెక్క లేదు.

ఇక గురి. ప్రబల్ 50 మీటర్లతో ఆగిపోయింది. దొర కోయిల్‌సాగర్ కట్ట మీద నిలబడి కాలిస్తే శ్రీశైలం కాడ పులి పడుతుంది, పడ్డ పులి ఆర్టీసీ బస్సులో టికెట్ తీసుకుని తనే వచ్చేస్తుంది. గురి తప్పిందని నిరూపించినవాడు ఇంతవరకూ లేడు. పడ్డదేదో చెప్పేది కూడా కాల్చినవాడే కదా. పెళ్లి ఊరేగింపులో ఎన్నిసార్లు పేల్చినా కేసు లేదు. అసలు తుపాకీతో ఆ సరదా తీర్చుకుంటే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జుర్మానా, లేదంటే రెండూ.

హోటల్లో ఒకాయన ఇదంతా వివరించి, "సేటూ, గదే తీస్కో" అన్నాడు.

సేటు మొహం ముడుచుకుంది. "గది పట్టుకుంటే జనం నవ్వుతరు."

అసలుది పట్టుకుంటే జనం ఏం చెయ్యాలని ఆయన కోరిక? ఆ మాట ఎవరూ అడగలేదు. పల్లికాయ పైసలు ఫోన్ నుంచి ఫోన్‌కు పోతున్న కాలంలో బాదేపల్లి తొవ్వలో దోచుకోవడానికి ఆయన జేబులో ఉండేది కళ్లద్దాల డబ్బా, బీపీ గోలీలు.

అయినా అర్జీ పెట్టాడు. ప్రాణానికి ఏం ముప్పుందో రాయాలి. పోలీసు విచారణ కావాలి. తుపాకీ భద్రంగా దాచే చోటు చూపాలి. ఒళ్లూ మతీ రెండూ సక్కగున్నాయని డాక్టరు కాగితం ఇవ్వాలి. ఈ చివరి షరతు విని సేటు భార్య, "ఆ మాట రాసిచ్చే డాక్టరు దొరికితే నాకూ చూపియ్యి, నాకు కొన్ని అనుమానాలున్నయి" అన్నది.

లైసెన్సు వచ్చిందే అనుకుందాం. అప్పుడు ఎన్నికలొస్తాయి. కోడ్ కూయగానే లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ చేయమంటారు, ఫలితాలొచ్చాక వాపసు. అందరివీ గంపగుత్తగా జమ చేయించుకోవద్దని 2024లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. అలహాబాద్ చాలా దూరం. పాలమూరులో 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నిక. 2024 మార్చి 28న స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉపఎన్నిక, మే 13న పార్లమెంటు. 2025 డిసెంబరులో మూడు విడతల పంచాయతీ. లక్ష పోసి కొన్నది నడుము మీద కంటే ఠాణా బీరువాలోనే ఎక్కువ కాలం కాపురం చేసేట్టుంది. మనుషుల మధ్య నిజంగా పగలు రగిలేది ఎన్నికలప్పుడే. రక్షణ కోసం ఇచ్చిన వస్తువును సరిగ్గా అప్పుడే తీసుకుంటారు. అదే సమయంలో పిట్టలదొర మాత్రం తుపాకీతో సహా ప్రచారం జీపెక్కి ఊరేగుతాడు.

డాలస్‌లో గ్రీన్‌కార్డు మీద ఉన్న సేటు కొడుకు ఈ గోలంతా విని నవ్వేవాడు. అక్కడ దుకాణంలో ఒక ఫారం నింపితే, నేరచరిత్ర తనిఖీ చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. మూడు నాలుగు వందల డాలర్లకు టారస్ రివాల్వర్ వస్తుంది. ఇంకొంచెం పెడితే రూగర్, స్మిత్ అండ్ వెసన్. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్నవాళ్లు నడుముకు పెట్టుకు తిరగడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. కొడుకు ఫొటోలు పంపేవాడు, సేటు వాటిని హోటల్లో పెళ్లి సంబంధాల లెక్క చూపించేవాడు.

2024 నవంబరులో అమెరికా నుంచి ఒక వార్త వచ్చింది. అట్లాంటాలో చదువుకుంటున్న ఉప్పల్ పిల్లవాడు తన పుట్టినరోజు నాడే, స్నేహితులు ఇంట్లో ఉండగా, వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. లైసెన్సు ఉందట. తుపాకీలో లోపం ఉందని ఎవరూ అనలేదు, అది చేయాల్సిన పనే చేసింది. ఇన్ని వారాల్లో మన్నిక గురించి, బరువు గురించి, గురి గురించి సేటు అడగని ప్రశ్న లేదు. ఇంట్లో అది ఎవరి మధ్య ఉంటుందన్నది మాత్రం ఆయనా అడగలేదు, హోటల్లో ఎగతాళి చేసినవాళ్లూ అడగలేదు. పిల్లలు అక్కడ ఏం కొనుక్కుంటున్నారో ఇక్కడి తల్లిదండ్రులకు వార్తల్లోనే తెలుస్తున్నది.

ఆ రాత్రి సేటు కొడుక్కి ఫోన్ చేశాడు. "నీ దగ్గర ఉన్నదా?"

ఉందన్నాడు. రేంజిలో కాల్చడానికి తీసుకున్నాడట. ఏ కంపెనీదని అడగకుండా ఉండలేకపోయాడు సేటు. రూగర్ అని చెప్పాడు.

"అమ్మేయ్ బిడ్డా."

"సగం రేటు కూడా రాదు డాడీ."

"రాకుంటే రాకపాయె."

అడ్తి పెట్టినప్పటి నుంచి సేటు నష్టానికి అమ్మమన్న సరుకు ఇదొక్కటే. తన అర్జీని మాత్రం వాపసు తీసుకోలేదు. ఫీజు కట్టాడు మరి. ఫైలు నడుస్తూనే ఉంది. ఏమైందని అడగబోతే, ఎన్నికలు కానీయండి అన్నారట.