ఇంటికెళ్లి కబురు చేస్తాం

పెళ్లిచూపులు ముగిశాక మగపెళ్లివారు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అనే మాట ఒకటుంది: "ఇంటికెళ్లి కబురు చేస్తామండీ." పిల్ల నచ్చి ఉంటే ఆ కుర్చీలోనే మరో పావుగంట కూర్చుని మేనమామది ఏ ఊరో, మేనత్తను ఎవరికిచ్చారో అడిగేవారు. కబురు చేస్తామన్నారంటే ఇక కబురు రాదని ఆడపిల్ల తండ్రికి తెలిసిపోతుంది. మాదాపూర్ ఏసీ గదిలో హెచ్ఆర్ మేడమ్ కూడా ఆ మాటే అంటుంది, ఇంగ్లిషులో: "వుయ్ విల్ గెట్ బ్యాక్ టు యూ."

పడమటి దేశాల వాళ్లు ఉద్యోగపు ఇంటర్వ్యూని డేటింగుతో పోలుస్తుంటారు. పాపం, వాళ్లకు పెళ్లిచూపులు తెలియవు. డేటింగుకు వెళ్లేది ఇద్దరే. ఇంటర్వ్యూలో ప్యానెల్ ఉంటుంది. పెళ్లిచూపులకూ ఉంటుంది: పెదనాన్న, మేనత్త, కారులో చోటుంది కదా అని ఎక్కిన ఓ దూరపు బాబాయి. కంపెనీ ప్యానెల్లోనూ ఆ బాబాయి తప్పడు. గంటసేపు ఫోన్ చూసుకుని, అందరూ లేవబోతుండగా ఉద్యోగంతో సంబంధం లేని ప్రశ్న ఒకటి వేస్తాడు.

ఇదంతా కాలమ్ నింపడానికి అల్లిన పోలిక అనుకునేవారు ఇన్ఫో ఎడ్జ్ సంస్థను చూడొచ్చు. 1997లో నౌకరీ డాట్ కామ్ మొదలుపెట్టిన ఆ కంపెనీయే జీవన్‌సాథి అనే పెళ్లిసంబంధాల సైటునూ నడుపుతోంది. ఇల్లు వెతుక్కోవడానికి నైంటీనైన్ ఏకర్స్ కూడా వాళ్లదే. చదువెంత, జీతమెంత, ఏ ఊరు, ఎంతలో కావాలి? మూడు దుకాణాల్లోనూ సరుకు వేరు గానీ తూనికరాళ్లు అవే.

పెళ్లిచూపుల్లో బజ్జీల పళ్లెం రాగానే ఆడపిల్ల తల్లి "అన్నీ అమ్మాయే చేసిందండీ" అంటుంది. బజ్జీలు పక్కింటి పిన్నిగారు వేసినవి, మైసూరుపాకు బజారు నుంచి తెచ్చింది. రెజ్యూమెలో ప్రాజెక్టుల కథా ఇంతే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సుల బోర్డులే. అక్కడ మూడు నెలలు కోర్సు చదివిన కుర్రాడు రెజ్యూమెలో మూడేళ్ల అనుభవంతో తేలిన సందర్భాలూ లేకపోలేదు. "మీ బలహీనత ఏమిటి?" అని ప్యానెల్ అడిగితే, "పనిలో పడితే తిండి కూడా గుర్తుండదండీ" అంటాడు. మావాడికి కాఫీ అలవాటు కూడా లేదని మగపెళ్లివారు చెప్పినట్టే.

కంపెనీ మాత్రం తక్కువ తిన్నదా? "మా దగ్గర అందరం ఒక కుటుంబంలా ఉంటాం" అంటుంది. ఉమ్మడి కుటుంబంలో అంట్లు తోమిన ఏ కోడలినైనా ఆ మాటకు అర్థం అడగండి.

1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. తోచిన ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ కన్నా, అందరినీ ఒకే పద్ధతిలో అడిగేది మనిషి పనితనాన్ని బాగా పట్టిస్తుందని తేలింది. అసలు పనిలో ఓ ముక్క చేయించి చూడటమూ గట్టి పరీక్షేనట. ఆ లెక్కన బజ్జీలు అక్కడికక్కడే వేయించాలి, అదీ పెళ్లికొడుకు చేత కూడా. ఇంతవరకూ ఏ ఇంట్లోనూ జరిగినట్టు లేదు.

తాంబూలాలు పుచ్చుకున్నాక నడిచే కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఏడాదికి 6.5 లక్షలిస్తామన్న ఫ్రెషర్లను 2023 ఫిబ్రవరిలో విప్రో 3.5 లక్షలకు వస్తారా అని అడిగింది. పీటల దాకా వచ్చాక లాంఛనాలు సగానికి కోయడమన్నమాట. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ అందుకున్న సుమారు 2,000 మంది చేరే తేదీ కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నారని 2024లో ఐటీ ఉద్యోగుల సంఘమొకటి కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ముహూర్తం పెట్టకుండా నిశ్చితార్థపు ఉంగరం మాత్రం తొడిగి ఉంచారు.

పాతివ్రత్యం విషయంలో మాత్రం కంపెనీలు యమ కచ్చితం. 2022 సెప్టెంబరులో, పోటీ సంస్థలకూ పనిచేస్తున్న 300 మందిని పట్టుకుని ఇంటికి పంపామని విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పారు. ఆ నెలలోనే ఇన్ఫోసిస్ కూడా రెండు పడవల ప్రయాణం కుదరదని ఉద్యోగులకు మెయిల్ పెట్టింది. చిన్నిల్లు పెడితే విడాకులే.

కుర్రకారు బదులు తీర్చుకునేది నోటీసు పీరియడ్‌లో. చాలా ఐటీ కంపెనీల్లో అది 90 రోజులు. ఆ మూడు నెలల్లో ఒక ఆఫర్ చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది సంపాదిస్తారు. చేరాల్సిన రోజు పొద్దున హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేస్తే స్విచ్డ్ ఆఫ్. కబురు కోసం ఎదురుచూడటమంటే ఏమిటో మగపెళ్లివారికి అప్పుడు తెలిసొస్తుంది.

ఈ చూపుల తంతే వద్దన్నది సర్కారు. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకూ తీసేసింది. అమ్మమ్మల కాలపు పెళ్లిలా, జాతకం కలిస్తే చాలు, అడ్డుతెర దించాకే ముఖం చూసుకోవడం. చూపులు లేకపోతే పెళ్లి తొందరగా అయిపోతుందని అభ్యర్థులు సంబరపడ్డారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో మూడోసారి పందిరి వేశారు. ఈలోగా సంక్రాంతులు, దసరాలు వస్తూనే ఉన్నాయి, అరుగు మీది పెద్దమ్మ అడుగుతూనే ఉంది: "ఏరా, కబురేమైనా వచ్చిందా?"