రోజూ ఒక్క అరగంటేనట!

నెలలో సగం రోజులు తల పగిలిపోయే మనిషికి ఇంట్లో చీకటిగది దొరకడం కష్టం గానీ, సలహా దొరకడం కష్టం కాదు. నుదుటికి శొంఠి పట్టు, ముక్కులో ఆవునెయ్యి చుక్క, కణతలు అదిమి గుడ్డ కట్టడం, ఫలానా ఊళ్ళో పార్శ్వనొప్పికి మంత్రం వేసే ఆయన. ఇవన్నీ పాతకాలపు సలహాలు. వాటిలో కనీసం రోగిని పడుకోబెట్టే దయ ఉండేది. ఇప్పటి సలహా లేపి కూచోబెడుతుంది. "మీకు కావలసింది మందు కాదండీ, మోటివేషన్. బొమ్మలేయండి, పాడండి, కవిత్వం రాయండి. రోజూ ఒక్క అరగంట చాలు. ఒక్కరోజు కూడా మానకండి. 21 రోజులు గడిచాయంటే అదే అలవాటైపోతుంది. మనసు అటు మళ్ళాక ఇక నొప్పెక్కడుంటుంది?"

ఎడమ కంటి వెనకాల ఉంటుందండీ. అక్కణ్ణుంచి కణతకీ, కణత నుంచి మెడకీ దిగుతుంది. వంటింట్లో పోపు వేస్తే కడుపులో తిప్పుతుంది. పక్కింటి కుక్కర్ విజిలేస్తే ఆ ఈల మన పుర్రెలో మోగుతుంది. మళ్ళించడానికి అప్పుడు మనసంటూ ఒకటి మిగలాలి కదా.

సలహాదారులకి ముందుగా చిన్న లెక్క అప్పజెప్పాలి. మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులు గానీ అంతకు మించి గానీ తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉంటే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. మందు పడకపోతే ఒక్కో దఫా నొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. నొప్పికి ముందురోజే ఆవలింతలు, మెడ పట్టేయడం, కారణం లేని చిరాకు. నొప్పి తగ్గిన మర్నాడు మాటకు మాట తట్టదు, మెట్లెక్కితే నీరసం. ఈ ముందురోజులూ వెనకరోజులూ ఎవరి లెక్కలోకీ రావు. నెలలోంచి ఇవన్నీ తీసేశాక మిగిలిన నాలుగు రోజుల మీదే ఉద్యోగం, వంట, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, పెళ్ళిళ్ళు, పేరంటాలు అన్నీ కలిసి పడతాయి. వాటి చివర్న, వీలైతే, వీణ.

అసలు ఈ 21 రోజుల మంత్రం ఎక్కడ పుట్టిందో మంత్రం వేసేవాళ్ళకే తెలియదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో వేసిన పుస్తకంలో ఒక మాట రాశాడు: ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్న రోగికి అద్దంలో కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతున్నట్టుంది అని. అది ముక్కుల సంగతి, కళల సంగతి కాదు. దారిలో ఆ 'కనీసం' జారిపోయింది, ముక్కూ జారిపోయింది, 21 మాత్రం మన వక్తల చేతిలో పడింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద పరిశీలన చేసి 2009లో ప్రకటించిన లెక్క వేరు. అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా ఆ పరిశీలనే చెప్పింది. ఈ రెండో సంగతి ఏ వేదిక మీదా వినపడదు. చెబితే టికెట్లు తెగవు.

"గొలుసు తెంచకండి" అని ఇంకో ఉపదేశం. గోడ మీద క్యాలెండర్లో రోజూ ఒక ఎర్ర ఇంటూ గుర్తు పెట్టుకుంటూ పోవాలట, మధ్యలో ఖాళీ గడి కనపడకూడదట. దీన్ని అమెరికా హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ పేరు మీద ప్రపంచమంతా వల్లెవేసింది. 2014లో అభిమానులెవరో అడిగితే ఆయన నవ్వి, ఆ ఆలోచన తనది కానేకాదు పొమ్మన్నాడు. ఉపదేశం మాత్రం తండ్రి లేకుండానే తిరుగుతోంది. భాషలు నేర్పే డుయోలింగో యాప్ కూడా ఒక రోజు మానితే వరస తెగకుండా కాపాడే వెసులుబాటు పెట్టింది. ఆ యాప్ గుర్తైన గుడ్లగూబకున్న కనికరం ప్రేరణ గురువులకు లేకపోయింది.

ఇక నెల పొడుగునా సాగే పోటీలు. 2009లో జేక్ పార్కర్ అనే చిత్రకారుడు మొదలెట్టిన ఇంక్‌టోబర్‌లో అక్టోబరు 31 రోజులూ 31 సిరాబొమ్మలు వేయాలి. 1999లో అమెరికాలో మొదలైన నవంబరు నవలల పోటీలో నెలలో 50,000 మాటలు రాయాలి. అంటే మామూలు తలకాయ రోజుకు 1,667 మాటలు రాస్తే సరిపోతుంది. నెలలో 15 రోజులు నొప్పికి పోయిన తలకాయ రోజుకు 3,333 రాయాలి. ఆరోగ్యవంతుడి కంటే రోగి రెట్టింపు ఉత్సాహంతో ఉండాలని దీని భావం. ఆ నవలల పోటీ నడిపిన సంస్థ 2025లో తలుపులు మూసేసింది గానీ, అప్పటికే గాలి మన వైపు మళ్ళింది. ముప్ఫై రోజులు ముప్ఫై కవితలు, నూరు రోజులు నూరు బొమ్మలు, ధనుర్మాసం నెలంతా తెల్లవారుఝామున ముగ్గు వేసి ఫొటో పెట్టడం. వీటిలో కవిత్వం పాలు ఎంతో నాకు తెలీదు, హాజరుపట్టీ పాలు మాత్రం ఎక్కువే.

తెల్లవారుఝాము అంటే గుర్తొచ్చింది. ప్రేరణ పుస్తకాల రచయిత రాబిన్ శర్మ 2018లో 'ఐదింటి సంఘం' అని ఉదయం ఐదింటి మీద ఒక పుస్తకమే వేశాడు. మన సంగీతం మాస్టార్లు అంతకు ముందునుంచే నాలుగింటికి లేచి సాధన చేయమనేవారనుకోండి, అది వేరే సంగతి. వాళ్ళు తొమ్మిదింటికి దీపాలార్పే కాలం మనుషులు. న్యూరాలజిస్టు దగ్గరికెళితే ఆయన మొట్టమొదట చెప్పేది, ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవమని. నిద్ర తగ్గినా నొప్పే, ఎక్కువైనా నొప్పే. వేళ తప్పి తిన్నా నొప్పే. అంటే మైగ్రేన్ తలకాయకు క్రమశిక్షణ అంటే గిట్టదని కాదు. అది నిద్రలోనూ తిండిలోనూ కోరే క్రమశిక్షణకి లోకంలో ఏ తరగతిలోనూ మేష్టరు చాలడు. సరిగ్గా ఆ నిద్రలోంచే గంట కోసి హాబీకి పెట్టమంటున్నాడు గురువుగారు.

పోనీ మందులేసుకుని చేద్దామా? మైగ్రేన్ రాకుండా రోజూ వాడే మందుల సంగతి చూడండి. అమిట్రిప్టిలిన్ రాత్రి వేసుకుంటే పొద్దున కళ్ళు తెరిపిళ్ళు పడవు, నోరు పిడచకట్టుకుపోతుంది. ఐదింటి సంఘంవాళ్ళు దయచేసి గమనించాలి. ఫ్లునారిజిన్‌కి మత్తు, పైగా ఒళ్ళు. ప్రొప్రనలోల్‌తో అలసట. వీటన్నిటినీ మించింది టోపిరమేట్. అది కొందరికి వేళ్ళ చివర తిమ్మిరి తెప్పిస్తుంది, మాటలు సమయానికి తట్టకుండా చేస్తుంది. వీణ వాయించేవాళ్ళకి వేళ్ళు, కవిత్వం రాసేవాళ్ళకి మాటలు, రెండిటి మీదా ఒకే బిళ్ళ దెబ్బ కొడుతుంది. ఆ బిళ్ళ వేసుకునే రోజుల్లో నేను తంబురా కోసం ఇంట్లోవాళ్ళని "అదేదీ, ఆ పొడుగ్గా ఉంటుందే" అని అడిగాను. వాళ్ళు చీపురు తెచ్చిచ్చారు. 2018 నుంచి ఎరెనుమాబ్ లాంటి కొత్తరకం ఇంజెక్షన్లొచ్చాయి, అవి ఈ జబ్బు కోసమే పుట్టినవి. ధర వింటే హాబీ సంగతటుంచి ఇంటి అద్దె సంగతి గుర్తొస్తుంది.

ఈ గొలుసు సిద్ధాంతం నవ్వు దాటి ప్రమాదంలోకి వెళ్ళే చోటొకటుంది. ఎర్ర ఇంటూ గుర్తు ఆగకూడదని ఇవాళ ఒక బిళ్ళ, రేపటి కచేరీ కోసం ఇంకో బిళ్ళ, ఎల్లుండి పోటీ గడువని మరొకటి. మైగ్రేన్ నొప్పి వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్లు నెలకు 10 రోజులు గానీ అంతకు మించి గానీ, మామూలు నొప్పి మాత్రలు 15 రోజులు గానీ అంతకు మించి గానీ వేసుకుంటూ పోతే, ఆ మందుల వల్లే కొత్తగా తలనొప్పి పట్టుకోవచ్చు. దానికి వైద్యంలో విడిగా పేరుంది, విడిగా చికిత్స ఉంది. అంటే క్యాలెండర్లో ఒక్క గడి కూడా ఖాళీ వదలనివాడు చివరికి నెలకు నెలా తలనొప్పితో నింపుకుంటాడు. గురువుగారి ప్రసంగంలో ఈ అధ్యాయం ఉండదు.

నొప్పే కళకు తల్లి అని చెప్పేవాళ్ళు వేరే తెగ. వీళ్ళు ఎంతో ప్రేమగా మాట్లాడతారు. "మీరు అదృష్టవంతులండీ, బాధలోంచే కదా గొప్ప కళ పుట్టేది!" వెంటనే జాబితా. 12వ శతాబ్దపు జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ దర్శనాలు మైగ్రేన్ వెలుగులేనని న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ రాశాడు కదా, ఆలిస్ అద్భుతలోకంలో పెరగడం తరగడం అదే కదా, అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ అదే జబ్బు మీద అంత గొప్ప వ్యాసం రాసింది కదా. రాసింది. 1968లో రాసిన ఆ వ్యాసం పేరే 'మంచంలో'. 'బల్ల దగ్గర' అని పెట్టలేదావిడ. కళ్ళముందు కోట గోడల్లా వంకరటింకర గీతలు మెరిసే ఆ వెలుగులు కూడా మైగ్రేన్ ఉన్నవాళ్ళలో మూడోవంతుకు మించి రావు. మిగతావాళ్ళకి వచ్చేది వాంతులే. వాటిని ఏ ప్రదర్శనలో పెట్టాలో చెప్పండి.

బాధలోంచి పుట్టిన సాహిత్యం మనకీ ఒకటుందిలెండి, కాకపోతే లెక్క వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి దానికి పేరు తెచ్చారని చెబుతారు; కచేరీకీ తలనొప్పికీ ఉన్న సంబంధం ఆయనకి మనకంటే ముందే తెలుసన్నమాట. ఆ అంజనం రాబడితోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి మొదలై నడిచాయి. భావకవిత్వమూ భాషాపరిశోధనా అచ్చయింది జనం నుదుళ్ళ మీది పసుపుపచ్చ అంజనం డబ్బుతో. తలనొప్పి తెలుగు సాహిత్యానికి ఇంతగా సేవ చేసిన మాట నిజం. అయితే ఆ పుణ్యం అంజనం రాసుకుని పడుకున్నవాళ్ళది. రాసుకుని లేచి రోజుకో పద్యం చెప్పమని పంతులుగారు సీసా మీద వేయించలేదు.

ఇంతకీ అసలు బాధ గురువుల వల్ల కాదు, చుట్టాల వల్ల. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో మైగ్రేన్ సుమారు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి ఈ భాగం ఎక్కువగా ఆడవాళ్ళ అనుభవం. మంగళవారం పడకలో ఉన్నావు. బుధవారం కాస్త తెరిపిచ్చి రంగుల డబ్బా తీశావు. గుమ్మంలోంచి గొంతు: "నిన్న లేవలేనన్నావు కదమ్మా, ఇవాళ బొమ్మలకి ఓపికొచ్చిందే!" పోనీ అని డబ్బా మూసేస్తే శుక్రవారానికి ఇంకో గొంతు: "ఊరికే పడుకుంటే ఆలోచనలెక్కువై ఇంకా నొప్పొస్తుంది వదినా. ఏదన్నా పెట్టుకో పనీ." బొమ్మ వేస్తే నొప్పి అబద్ధం, వేయకపోతే బద్ధకం. ఆఫీసులోనూ ఇదే తీర్పు. సెలవు పెట్టిన వారంలోనే ఎక్కడో నీ కవిత అచ్చయిందంటే, ఆ కవిత రెండు నెలల కిందటిదని రుజువులు పట్టుకెళ్ళాల్సిందే. చాలామంది హాబీ మానేసేది చేతకాక కాదు, ఈ సాక్ష్యం చెప్పే పని పడలేక. కుట్టుపని గుడ్డలు మంచం కింద దాచుకుని, ఎవరూ లేని వేళ తీసేవాళ్ళున్నారు. దొంగసారాకి పెట్టే జాగ్రత్త కాటన్ దారానికి పెట్టాల్సి వస్తోంది.

"ఆదివారం పెట్టుకోండి మరి" అంటారు ఉదారులు. వారమంతా బిగపట్టిన ఒత్తిడి ఒక్కసారి దిగితే నొప్పి రావడం ఈ జబ్బుకున్న పేరుపడ్డ గుణం. సెలవు రోజు తలనొప్పి అంటే డాక్టర్లకి కొత్తేం కాదు. ఆదివారం మాకు విశ్రాంతి కాదు, నొప్పి డ్యూటీ ఎక్కే రోజు.

మరి మేమేం చేస్తున్నామంటే, చేసేవాళ్ళం చేస్తూనే ఉన్నాం. మాకు తెలిసినంతలో వీణ పెట్టెలో పెట్టకుండా పైనే ఉంచితే తెరిపి ఉన్న పావుగంటా వృథా కాదు. వర్ణం మొత్తం పట్టుకోకుండా ఒక్క చరణం పట్టుకుంటాం. వెలుతురు పడని రోజున రంగులు కాకుండా అల్లిక, శబ్దం పడని రోజున అదీ లేదు. క్యాలెండర్ ఉంది, అందులో గుర్తులూ ఉన్నాయి: నొప్పి ఏ రోజు, బిళ్ళ ఏ రోజు అని. డాక్టరుకు అది పనికొస్తుంది. ఎర్ర ఇంటూలు ఎవరికీ పనికిరావు. నూరు రోజుల్లో రావాల్సిన కీర్తన మాకు రెండేళ్ళకొస్తుంది. త్యాగరాజస్వామి ఏమీ అనుకోరు.

నెల రోజుల కవితల పండగలూ, బొమ్మల సవాళ్ళూ నడిపే నిర్వాహకులకి ఒక విన్నపం. నియమాల్లో 'వరసగా ముప్ఫై రోజులు' అన్న మాట కొట్టేసి 'ఏడాదిలో ఎప్పుడైనా ముప్ఫై' అని రాయండి. ఇంటికొచ్చే చుట్టాలకీ ఇంకొకటి. వాయిస్తుంటే కూచుని వినండి, పడుకునుంటే తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. నిన్నటినీ ఇవాళటినీ పక్కపక్కన పెట్టి మాత్రం తీర్పు చెప్పకండి.