నన్ను ఎందుకు పోశారో తెలుసా?

నా మీద నడిచేవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "మనిషి చెయ్యి పడని అడవంటే ఇదే!" ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మనిషి చెయ్యి పడకపోతే నేనెక్కడి నుంచి వచ్చాను? వాళ్లు నిలబడి ఆ మాట అంటున్నదే మనిషి పోసిన మట్టి మీద. ఈ అడవిని నరకడానికి పుట్టినదాన్ని నేను. నా కథ వినకుండా ఈ అడవిని చూస్తే సగమే చూసినట్టు.

ఫ్లోరిడా రాష్ట్రం నైరుతి మూలన, ఫకహాచీ స్ట్రాండ్ అనే చిత్తడి అడవిలో దుంగల రైలు కోసం పోసిన పాత ట్రామ్ కట్టను నేను. ఇక్కడ నేల కింద సున్నపురాయి. ఆ రాతిలో ఏర్పడిన ఓ పొడవాటి పల్లం వెంట నీళ్లు దక్షిణానికి, సముద్రపు అంచున ఉన్న ‘పదివేల దీవులు’ అనే దీవుల గుంపు వైపు సాగుతాయి. పొడవు సుమారు 20 మైళ్లు, వెడల్పు 3 నుంచి 5 మైళ్లు. ఇది ఏరులాంటిదే గానీ గట్లుండవు, ప్రవాహం కంటికి ఆనదు. ఓ ఎండుటాకుని నీటి మీద వదిలి చాలాసేపు కనిపెట్టుకుని ఉంటే అది దక్షిణానికి జరిగిందని తెలుస్తుంది. మే నెలాఖరు నుంచి అక్టోబరు దాకా వానలు. తరవాత నీరు దిగుతూ దిగుతూ ఏప్రిల్ నాటికి లోతైన మడుగుల్లోనే మిగులుతుంది. ఈ ఎక్కడం దిగడం మీదే ఇక్కడి ప్రతి ప్రాణీ బతుకుతోంది.

నేను రాకముందు ఇక్కడ సైప్రస్ చెట్లు నిలబడి ఉండేవి. నాలుగైదు వందల ఏళ్ల వయసున్న మానులు. మొదలు దగ్గర ఇద్దరు ముగ్గురు చేతులు కలిపినా కౌగిలికి అందేవి కావు. సెమినోల్, మికసూకీ ప్రజలు సైప్రస్ మానును తొలిచి దోనె చేసుకుని ఈ నీళ్ల మీద తిరిగేవాళ్లు. దోనె వెళ్లిపోయాక దాని జాడ నీటి మీద మిగిలేది కాదు. అలా తిరిగేవాళ్లకు గట్టు అవసరం పడలేదు. మానుల్ని బయటికి మోసుకుపోవాలనుకున్నవాళ్లకు పడింది.

సైప్రస్ కలప నీటికి కుళ్లదు, తొందరగా చెద పట్టదు. నీళ్ల ట్యాంకులకీ, పీపాలకీ, పడవలకీ, ఇంటి కప్పు పలకలకీ, శవపేటికలకీ అది పెట్టింది పేరు. రెండో ప్రపంచ యుద్ధంతో గిరాకీ ఇంకా పెరిగింది. 1944 ప్రాంతంలో ఒక కలప కంపెనీ ఇక్కడ నరుకుడు మొదలుపెట్టింది. అప్పుడే నేను పుట్టాను. డ్రెడ్జరు బురదలోకి దిగి, అడుగున ఉన్న సున్నపు మట్టినీ రాళ్లనీ తవ్వి పక్కన పోసుకుంటూ పోయింది. పోసిన మట్టి నేనయ్యాను. తవ్విన చోటు నా పక్కన కాలవై నిలిచింది. నా మీద స్లీపర్లు పరిచి పట్టాలు బిగించారు. పెద్ద లైను నుంచి నాలాంటి పాయలు అటూ ఇటూ అడవిలోకి చీలాయి. ఒక పాయ పక్కన చెట్లు అయిపోగానే పట్టాలు ఊడబెరికి ఇంకో పాయ మీద వేసేవాళ్లు. ఇనుము ఎక్కడ పరుచుకుంటే అక్కడ చెట్టుకి నూకలు చెల్లినట్టే.

నరికే పద్ధతి చెబుతాను, ఎందుకంటే నాకది నిన్నమొన్నటిలా కళ్ల ముందుంది. పచ్చి సైప్రస్ నీటిలో మునిగిపోయేంత బరువు. అందుకని ముందుగా కూలీలు గొడ్డళ్లతో వచ్చి, మాను మొదలు చుట్టూరా బెరడు దాటి గాడి కొట్టి వెళ్లిపోయేవాళ్లు. చెట్టు నిలువునా నెలల తరబడి ఎండేది. ఆకు రాలేది, మళ్లీ చిగురు వేసేది కాదు. అప్పుడు ఇద్దరేసి మనుషులు నడుంలోతు నీళ్లలో నిలబడి, చెరో కొస పట్టుకుని రంపం లాగేవాళ్లు. కూలిన మానుకి ఉక్కు తాడు తగిలించి, స్కిడ్డర్ అనే ఆవిరి యంత్రంతో నా దాకా ఈడ్చేవాళ్లు. దారిలో లేత చెట్లు, మడుగు అంచులు, ఏది అడ్డొస్తే అది చితికిపోయేది. ఆ దుంగలు నా మీదుగా కోప్‌లాండ్ దాటి, పెద్ద రైలెక్కి, ఫ్లోరిడా ఉత్తరాన పెర్రీ అనే ఊరి కోతమిల్లుకి చేరేవి.

ఆ రంపం పట్టిన చేతుల్ని నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. వాళ్లలో చాలామంది నల్లజాతి కూలీలు. దోమలు, పాములు, మొసళ్లు, తెగిన తాడు దెబ్బలు, వీటన్నిటి మధ్య దినకూలీకి ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు. పనయ్యాక వెళ్లేది కూడా తెల్లవాళ్లకు వేరు, నల్లవాళ్లకు వేరుగా కట్టిన ఇళ్లకే. అడవి చరిత్ర రాసేవాళ్లు మానుల వయసు రాస్తారు, వీళ్ల పేర్లు రాయరు. ఇది నాకు బాధగానే ఉంటుంది.

ఓ పుష్కరకాలం గడిచేసరికి కోయడానికి విలువైన మాను మిగల్లేదు. యంత్రాలు వెళ్లిపోయాయి. పట్టాలూ పోయాయి. కుళ్లిన స్లీపర్ల ఆనవాళ్లు, తుప్పు పట్టిన మేకులు నా ఒంట్లో అక్కడక్కడా ఉండిపోయాయి. ఎండిన కొమ్మారెమ్మా నిప్పంటుకుని కాలాయి. ఉత్తరాన కార్క్‌స్క్రూ అనే చోట మాత్రం 1954లో ఆడుబోన్ అనే ప్రకృతి రక్షణ సంఘంవాళ్లు, స్థానికులూ నడుం కట్టి కొంత పాత సైప్రస్ అడవిని కొని కాపాడారు. నా పొరుగున, టమయామి రహదారి పక్కనున్న బిగ్ సైప్రస్ బెండ్‌లోనూ ఓ చిన్న ముక్క మిగిలింది. పాత ఫకహాచీ ఎలా ఉండేదో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. నా పక్కన ఉన్నవి మోడులు, వాటి మధ్య తరవాత లేచిన చెట్లు.

ఈ కొత్త అడవి అందంగా లేదని నేననను. మాపుల్, రాయల్ పామ్, సన్నటి సైప్రస్‌లు, కొమ్మ కొమ్మకీ అనాస కుటుంబపు బ్రొమీలియాడ్ మొక్కలు, మోడుల నెత్తిన ఫెర్నులు. ఉత్తర అమెరికాలో ఇన్ని రకాల ఆర్కిడ్లు ఒకేచోట మరెక్కడా లేవంటారు, నలభై పైచిలుకు రకాలు. వాటిలో పేరుమోసింది ఘోస్ట్ ఆర్కిడ్. దానికి ఆకుల్లేవు. బెరడుకి అంటుకున్న బూడిదాకుపచ్చ వేళ్లే ఎండని పట్టి తిండి చేసుకుంటాయి. వేళ్ల మీద తెల్లటి గీతలు చూసి గుర్తుపట్టాలి. వేసవిలో పూస్తే ఆ పువ్వు తెల్లగా, కింద రెండు తోకలు మెలితిరిగి, కాడ కంటికి ఆనక గాలిలో వేలాడుతున్నట్టే ఉంటుంది. రచయిత్రి సూజన్ ఓర్లీన్ 1998లో దీన్ని దొంగిలించేవాళ్ల మీద ఒక పుస్తకం రాశాక ఈ పువ్వు ప్రపంచానికంతా తెలిసింది.

ఆ పువ్వు ఇక్కడ ఎలా మిగిలిందో చూడండి. ఎక్కువగా అది పాండ్ ఆపిల్, పాప్ యాష్ చెట్లను పట్టుకుని ఉంటుంది. పాండ్ ఆపిల్ మన సీతాఫలం జాతిదే. వంకర కొమ్మల గిడస చెట్లు, కలపకు పనికిరావు. అందుకే గొడ్డలి వాటి జోలికి పోలేదు. కార్క్‌స్క్రూలోనైతే ఇదే ఆర్కిడ్ ఒకటి పాత సైప్రస్ మాను మీద, చాలా ఎత్తున కనబడింది. అంటే నా మీదుగా వెళ్లిన మానుల పైకొమ్మల్లో ఏమేమి పూసేవో ఎవరూ లెక్కపెట్టకముందే అవి మిల్లుకి చేరిపోయాయి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఇప్పుడు కనబడేదాన్నే మొదటి అడవి అనుకుంటే, పోయింది ఏమిటో అడిగేవాడే ఉండడు.

పట్టాలు పోయాక పొడినేల వెతుక్కునే జంతువులన్నీ నన్ను ఎంచుకున్నాయి. ఎలుగుబంటి, జింక, వాటి వెనక పాంథర్ అనే పెద్దపిల్లి. తడి సున్నపు మట్టిలో దాని అడుగు చక్కగా పడుతుంది: నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు ఉండదు, మడమ వెనక అంచున మూడు వంపులు. 1970ల నాటికి ఫ్లోరిడా మొత్తం మీద ఇవి ఇరవై ముప్ఫైకి పడిపోయాయి. దగ్గరి రక్తంలోనే పిల్లలు పుట్టి గుండె జబ్బులు, వంకర తోకలు వచ్చాయి. 1995లో టెక్సస్ నుంచి అదే జాతి ఆడ పెద్దపిల్లుల్ని ఎనిమిదింటిని తెచ్చి వదిలాక జాతి కోలుకుంది. ఇప్పుడు 120 నుంచి 230 దాకా ఉంటాయని అధికారుల అంచనా. రాత్రిపూట దాని బరువు నా మీద పడితే నాకు గర్వంగా ఉంటుంది.

1960ల్లో పడమటి పక్క భూములు ఒక స్థిరాస్తి కంపెనీ చేతికి వచ్చాయి. ప్లాట్లు వేసి అమ్మడానికి నాలుగు పెద్ద కాలవలు తవ్వించింది. వాటితో మా నీరు కూడా అటు గుంజుకుపోయింది. సైప్రస్ గింజ నీటి కింద మొలవదు, ఎండు నేలలోనూ మొలవదు. తడి బురద కావాలి, మొలక తల ఎత్తేదాకా వరద రాకూడదు. ఆ లెక్క తప్పితే పాత చెట్టు చోట కొత్త చెట్టు రాదు. 1974 నుంచి రాష్ట్రం ఈ అడవిని కొంటూ వచ్చి రక్షిత ప్రాంతం చేసింది కాబట్టి మేం ఇంకా ఉన్నాం.

ఇప్పుడు నా మీద జనం నడవడానికే వస్తారు. 2017లో ఇర్మా తుపాను కూల్చిన చెట్లు అడ్డంగా ఉంటే ఎక్కి దిగాలి. ఆ మధ్య చలికాలంలో టాంపా నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. కోనసీమ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన చేతికర్రతో నన్ను రెండుసార్లు పొడిచి చూశారు.

"ఒరే, ఇది కాలవ గట్టురా. ఆ గుంటలో మట్టే ఇక్కడ పోశారు."

"నాన్నగారూ, అంచుకి వెళ్లకండి. మొసళ్లుంటాయి."

"ఉండనీరా. అది కాదు, ఈ పక్క నీళ్లు నిండుగా ఉన్నాయి, ఆ పక్క తక్కువ. దీనికి తూము పెట్టలేదా?"

కొడుకు దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే. ఆయన అడిగింది న్యాయం. నేను పారే నీటికి అడ్డంగా పడి ఉన్నాను. ఎగువన నీరు నిలిచి, దిగువన త్వరగా ఎండుతుంది.

పడమట పికాయూన్ స్ట్రాండ్‌లో ఆ పాత ప్లాట్ల భూమిని ప్రభుత్వం కొని బాగుచేసే పని చేపట్టింది. మాకు దగ్గరగా ఉన్న ప్రెయిరీ కాలవను 2007 నాటికి పూడ్చారు. రోడ్లతో పాటు నాలాంటి ట్రామ్ కట్టల్ని కూడా చదును చేసి నీటికి దారి వదిలారు. అవి నా తోబుట్టువులే, అయినా అది మంచి పని. నన్ను కూడా నీరు ఎక్కడ నిలుస్తోందో చూసి అక్కడక్కడా తెంచాలని నా కోరిక. మిగిలిన ముక్కలు పాంథర్‌కీ, నడిచేవాళ్లకీ సరిపోతాయి. అప్పుడు తెంపు దగ్గర మోకాలి లోతు నీళ్లుంటాయి. కర్రతో అడుగు చూసుకుంటూ దాటండి. దాటేటప్పుడు ఎడమా కుడీ నీటిలో వెడల్పాటి మోడులు కనబడతాయి, వాటిని లెక్కపెట్టండి.