మనవాళ్లెవరైనా ఉన్నారా?

మా కాలనీలో ఒక సన్మాన సంఘం ఉంది. పేరు దగ్గర ఏకాభిప్రాయం కుదరక ఉత్త 'సంఘం' గానే నెట్టుకొస్తోంది. కార్యదర్శి గారింట్లో బీరువా నిండా శాలువాలే. ఒకరికి కప్పింది ఇంకొకరికి కప్పడం ఆయన నియమాలకు విరుద్ధం. వేదిక మీద మర్చిపోయి వెళ్లిన శాలువాకు మాత్రం ఆ నియమం వర్తించదు. సన్మానం జరుగుతున్నంతసేపూ గ్రహీత తల వంచుకుని కూర్చుంటే జనం వినయం అనుకుంటారు. అది కలరా ఉండల ఘాటు.

2024 డిసెంబరు 15, ఆదివారం రాత్రి ఆయనకు ఫోన్ చేశాను.

"మస్కట్‌లో మన ఆడపిల్లలు జూనియర్ ఆసియా కప్ హాకీ గెలిచారండీ. చైనా మీద. వరసగా రెండోసారి."

"ఒక్క నిమిషం ఆగండి. విన్నర్ని ప్రకటిస్తున్నారు."

ఆయన చూస్తున్నది బిగ్‌బాస్ ఎనిమిదో సీజన్ ఫైనల్. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. తెలుగువాళ్ల తీరిక కనుక్కోకుండా ముహూర్తం పెట్టిన హాకీ వాళ్లననాలి. అంతకు రెండు రోజుల ముందే ఒక సినిమా హీరో అరెస్టు, ఆ సాయంత్రమే బెయిలు, మర్నాడు పొద్దున విడుదల. మన చానళ్లన్నీ చంచల్‌గూడ జైలు గేటు దగ్గరే కాపురం పెట్టాయి. అటు బ్రిస్బేన్‌లో టెస్టు మ్యాచ్. ఇంత రద్దీలో ఇరవై ఒక్క ఏళ్లలోపు పిల్లలు కర్రలు పట్టుకుని రోడ్డు దాటగలరా?

దాటారు. లీగ్ దశలో ఇదే చైనా చేతిలో 1-2తో ఓడిన జట్టు అది. ఫైనల్లో కూడా ముందు చైనాయే పెనాల్టీ స్ట్రోక్‌తో గోల్ కొట్టింది. కనికా సివాచ్ సమం చేసింది. అరవై నిమిషాలు గడిచినా 1-1. ఇక షూటౌట్. 23 మీటర్ల గీత దగ్గర బంతి పెడతారు, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కర్తే, ఎనిమిది సెకన్లలో తేలిపోవాలి. మన నిధి అలా మూడుసార్లు అడ్డుపడింది. 3-2.

హాకీ ఇండియా ఒక్కో క్రీడాకారిణికి రెండు లక్షలు ప్రకటించింది. బిగ్‌బాస్ విజేతకు 55 లక్షలు. ఇందులో అన్యాయమేమీ లేదు. 105 రోజులు తలుపులు వేసుకుని ఇంట్లో కొట్లాడుకోవడమంటే మాటలా? ఎనిమిది సెకన్ల పనికి అంతకన్నా ఎవరిస్తారు?

మర్నాడు పొద్దున కార్యదర్శి గారే వచ్చారు. పేపరు చివరి పేజీలో వార్త వెతికి పట్టుకున్నారట. "సభ పెట్టేద్దాం. ఇంతకీ అందులో మనవాళ్లెవరైనా ఉన్నారా?"

జట్టు జాబితా చదివాను. టోప్పో, ఓరాం, డుంగ్‌డుంగ్, చాను...

"తెలుగు పేరు ఒక్కటీ లేదా? పోనీ హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు? మేనమామ ఎవరైనా సికింద్రాబాద్ రైల్వేలో?"

"లేరండీ."

"ఎలాగండీ మరి? ఫ్లెక్సీ మీద 'మన' అని వేయాలి కదా!"

ఈ జట్టులో కాకపోయినా హాకీలో మన రజని ఉంది కదా అని గుర్తుచేశాను. ఆయన మొహం వెలిగింది. వేరే రజని అనుకున్నారు. ఎతిమరపు రజని అని, అప్పటి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె నుంచి బయల్దేరి 2016లో రియో ఒలింపిక్స్ దాకా వెళ్లిన గోల్‌కీపర్ అని చెప్పాను. "మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?" అని నన్నే కోప్పడ్డారు.

ఆడపిల్లల ఆటంటే ఆయనకు చిన్నచూపని అనుకోకండి. రెండు నెలలు తిరక్కుండానే భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి టోర్నమెంటుకే మేటి ఆటగత్తె అయితే, కాలనీ అంతా మిఠాయి పంచింది ఆయనే. తెలంగాణ ప్రభుత్వం ఆ అమ్మాయికి కోటి రూపాయలిచ్చింది. ఇవ్వాల్సిందే, కాదన్నవాడి కళ్లు పోతాయి. ఇక్కడా కర్రే, అక్కడా కర్రే. చివర వంకర తిరిగి ఉండటమే హాకీ కర్ర చేసుకున్న పాపం.

హాకీ మన జాతీయ క్రీడ అని ఏటా ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ పటానికి దండ వేసి కార్యదర్శి గారు ఉపన్యసిస్తారు. మేము ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లోనే క్రీడల శాఖ ఒక బడిపిల్ల అడిగిన సమాచార హక్కు ప్రశ్నకు జవాబిచ్చింది. ఆ సంగతి ఆయనకు నేనింకా చెప్పలేదు. బీపీ మనిషి. పైగా ఆయన హాకీ పాండిత్యమంతా 2007 నాటి షారుఖ్ ఖాన్ సినిమాతో ఆగిపోయింది. మ్యాచ్ ఇప్పటికీ డెబ్బై నిమిషాలే అంటారు. అరవైకి కుదించి పదేళ్లు దాటింది. ఆ పది నిమిషాలూ ఆయన ఉపన్యాసంలో కలిశాయని నా అనుమానం.

2025 డిసెంబరులో చిలీలోని శాంటియాగోలో జూనియర్ ప్రపంచకప్ వచ్చింది. తొలిసారి 24 జట్లు. మనవాళ్లు నమీబియాను 13-0తో చిత్తుచేస్తే ఆయన బీరువా తలుపు తీశారు. జర్మనీ చేతిలో 1-3తో ఓడితే మూశారు. ఐర్లాండ్‌ను 4-0తో గెలిస్తే మళ్లీ తీశారు. చివరికి పదో స్థానం. "పదోదానికి శాలువా ఉండదు, మహా అయితే తువ్వాలు" అని తేల్చేశారు. దాదాపు అదే రోజుల్లో మగపిల్లల జూనియర్ ప్రపంచకప్ పక్కనే చెన్నై, మదురైల్లో జరిగింది. అక్కడ కాంస్యం వచ్చింది కాబట్టి శాంటియాగో మర్చిపోవడానికి ఒక మర్యాదైన కారణం కూడా దొరికింది. అమ్మాయిలకూ ఈ ప్రపంచకప్‌లో ఒక కాంస్యం ఉంది, 2013లో జర్మనీలో గెలిచారు. ఊరి పేరు మోంచెన్‌గ్లాడ్‌బాఖ్. అది పలకలేకే మన యాంకర్లు వార్తను వదిలేశారంటే నేను నమ్ముతాను.

ఉండబట్టలేక ఆయన్ని కూర్చోబెట్టి అసలు ఆ టోప్పోలు, డుంగ్‌డుంగ్‌లు ఎక్కణ్నుంచి వస్తున్నారో చెప్పాను. ఝార్ఖండ్‌లో సిమ్‌డేగా, ఒడిశాలో సుందర్‌గఢ్. ఆదివాసీ పల్లెల్లో వెదురు కర్రలతో మొదలయ్యే ఆట. 2022 జూనియర్ ప్రపంచకప్‌లో మన జట్టును నాలుగో స్థానం దాకా నడిపించిన సలీమా టేటేది సిమ్‌డేగా జిల్లాలోని బడ్కీఛాపర్ అనే ఊరు. అంతకు ముందు ఏడాది ఆ అమ్మాయి టోక్యో ఒలింపిక్స్‌లో ఆడుతుంటే, చూడటానికి ఇంట్లో టీవీ లేదని తెలిసి అధికారులు హడావుడిగా పెట్టించారు.

"అక్కడి ఊళ్లలో ఖస్సీ టోర్నమెంట్లని జరుగుతాయండీ. ఖస్సీ అంటే మేకపోతు. గెలిచిన జట్టుకు అదే బహుమతి. తోలుకెళ్లి వండుకుని ఊరంతా తింటారు."

కార్యదర్శి గారు చాలాసేపు మాట్లాడలేదు. సన్మానాల చరిత్రలో గ్రహీతకు పనికొచ్చే వస్తువు ఇవ్వడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"మేకపోతు ఇప్పుడెంత ఉంటుందంటారు?"

"పదిహేను, ఇరవై వేలు ఉండొచ్చు."

"మన శాలువా మూడొందల యాభై" అని వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నారు. లేచి గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగారు.

"ఒక పని చేద్దాం. మేకను అద్దెకు తెద్దాం. వేదిక మీద ఫొటో అయ్యాక వెనక్కిచ్చేద్దాం. దాని మీద కప్పడానికి శాలువా ఎలాగూ ఉంది."