ఆదివారం చికెన్, ఆరింటికి తాళం

సంగారెడ్డిలో నిజాం కాలంనాటి పాత జైలు ఒకటుంది. 1796లో కట్టింది. ఖైదీలను కొత్త జైలుకు తరలించాక, 2016లో జైళ్ల శాఖ దాన్ని మ్యూజియం చేసింది. ఊరికే చూసిపోతే ఏం బాగుంటుందనుకున్నారో ఏమో, ‘ఫీల్ ది జైల్’ అని ఒక పథకం కూడా పెట్టారు. 500 రూపాయలు కడితే ఖైదీ బట్టలు తొడిగి, కంచం, గ్లాసు చేతికిచ్చి, 24 గంటలు లోపల ఉంచేవారు. తిండి కూడా జైలు తిండే. గడువు తీరగానే ష్యూరిటీలు అడిగేవారు కాదు, వకీలును పెట్టుకోమనేవారు కాదు, ఠంచనుగా బయటికి పంపేసేవారు. మన దేశంలో చెప్పిన టైముకి విడుదలయ్యే ఖైదీని చూడాలంటే డబ్బు కట్టి లోపలికెళ్లినవాణ్ణే చూడాలి.

ఈ సంగతి చెబితే మా పక్కింటి బాబాయిగారు మండిపడ్డారు. “అయిదొందలు దండగ కదుటోయ్! అసలు ఖైదీలకి ఇవన్నీ ఊరికే పెడుతున్నారుగా. పొద్దున్నే యోగా, తర్వాత టిఫిను, ఆదివారం చికెను. ఆడుకోడానికి వాలీబాలు, క్యారమ్సు. చూడ్డానికి టీవీ, చదువుకోడానికి లైబ్రరీ. ముప్పై అయిదేళ్లు సర్వీసు చేసి నేను వెలగబెడుతున్నదేమిటి? ఆదివారం చికెనంటే మీ పిన్ని కొలెస్ట్రాల్ రిపోర్టు తీసుకొస్తోంది.”

బాబాయిగారి బాధలో నిజం లేకపోలేదు. చికెనూ ఉంది, క్యారమ్ బోర్డూ ఉంది. పైగా జైలును అత్తారిల్లనీ, శ్రీకృష్ణ జన్మస్థానమనీ ముద్దుగా పిలుచుకునే జాతి మనది. అత్తారింట్లో అల్లుడికి మర్యాద తక్కువవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

సరే, ఆ మర్యాదలేమిటో చూద్దాం. రాత్రి భోజనం సాయంత్రం అయిదింటికల్లా వడ్డించేస్తారు. చీకటి పడకముందే తలలు లెక్కపెట్టి బ్యారక్‌లకు తాళాలు వెయ్యాలి కనుక ఆకలి కూడా ఆ వేళకే వెయ్యాలి. తాళం మళ్లీ తెల్లవారితేగాని తియ్యరు. బయట ఇదే పద్ధతికి ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అని పేరుపెట్టి, డైటీషియన్లు నెలకింతని ఫీజు పుచ్చుకుంటున్నారు.

వ్యాయామానికీ లోటు లేదు. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారని కేంద్ర ప్రభుత్వ లెక్క. వందమంది పట్టే చోట 131 మంది అన్నమాట. అదీ సగటున. బాగా కిక్కిరిసిన బ్యారక్‌లో అర్ధరాత్రి ఒకడు పక్కకు ఒత్తిగిలాలంటే వరస మొత్తం ఒత్తిగిలాలి. ఇంత ఐకమత్యంతో కూడిన ఆసనం జూన్ 21న యోగా దినోత్సవ మైదానాల్లో కూడా కుదరడం లేదు. ఇక పొద్దున్నే మరుగుదొడ్డి ముందు క్యూలో నిలబడటం కాళ్లకూ, మనోనిబ్బరానికీ మంచిది. గొంతుకి ములాఖత్ ఉంది. జాలీకి అటు ఇరవైమంది, ఇటు ఇరవైమంది ఒకేసారి అరుస్తుంటే, అందులోంచి తన భార్య గొంతు ఏరుకుని, పిల్లకి జ్వరం తగ్గిందో లేదో తెలుసుకోవాలి. బాబాయిగారి క్యారమ్స్‌కి ఇంత గురి అక్కర్లేదు.

చదువుకునేవాళ్ల విషయంలో మాత్రం జైళ్లు మహా జాగ్రత్తగా ఉంటాయి. ముంబై దగ్గరి తలోజా జైల్లో విచారణ ఖైదీగా ఉన్న హక్కుల కార్యకర్త గౌతమ్ నవలఖాకి ఇంటివాళ్లు పి.జి. వుడ్‌హౌస్ పుస్తకం పంపితే, భద్రతకు ముప్పు అని అధికారులు తిప్పి పంపారు. లోకమంతా వందేళ్లుగా పొట్ట పట్టుకు నవ్వుతున్న హాస్య రచయిత! 2022 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఇది విని, హాస్యాస్పదంగా ఉందంది. ఆ లెక్కన రచయిత ఆశయం నెరవేరినట్టే. మన ముళ్లపూడివారి బుడుగును పంపి ఉంటే పేలుడు పదార్థాల చట్టం పెట్టేవారేమో. తానీషా ఎంత నయం! గోపన్నను, అంటే మన రామదాసును, గోల్కొండలో పన్నెండేళ్లు ఉంచాడంటారు గానీ, ఆయన కీర్తనలకు సెన్సారు పెట్టించినట్టు ఏ కథలోనూ లేదు.

అయితే బాబాయిగారు చెప్పిన మోస్తరు జైళ్లు లేవని నేననడం లేదు. ఉన్నాయి, చిరునామాలతో సహా. 2014లో తీహార్‌లో ఉన్న సహారా అధినేత సుబ్రతా రాయ్‌కి విదేశాల్లోని హోటళ్లు అమ్ముకునే బేరాల కోసం ఏసీ కాన్ఫరెన్స్ హాలు ఇచ్చారు. వాడుకున్నందుకు అద్దె కూడా తీసుకున్నారు లెండి. బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో తమిళనాడు నాయకురాలు శశికళకు విడిగా వంటగది నడుస్తోందని 2017లో జైళ్ల డీఐజీ రూప నివేదిక రాశారు. వంటగది సంగతి తేలకముందే రూప ట్రాఫిక్ విభాగానికి బదిలీ అయ్యారు. పొయ్యి మీది పొగకంటే రోడ్డు మీది పొగే ఆరోగ్యమని ప్రభుత్వం భావించి ఉంటుంది. 2024లో అదే జైలు పచ్చికలో కన్నడ నటుడు దర్శన్ కుర్చీ వేసుక్కూర్చుని, ఒక చేత్తో సిగరెట్టు, ఇంకో చేత్తో కప్పు పట్టుకున్న ఫొటో దేశమంతా తిరిగింది. బాబాయిగారి వాట్సాప్‌కీ వచ్చింది. దేశంలో ఖైదీలందరూ ఆ ఫొటోలోనే ఉన్నారని ఆయన అప్పుడే తీర్మానించుకున్నారు.

ఆ ఏడాదే ఢిల్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్ మామిడిపళ్ల కేసు. బెయిలు కోసం చక్కెర పెంచుకోడానికే పళ్లు తింటున్నాడని ఈడీ. ఇంటినుంచి వచ్చిన 48 భోజనాల్లో మామిడిపండు ఉన్నది మూడింట్లోనేనని ఆయన వకీలు. న్యాయస్థానంలో ముద్దముద్దకూ లెక్క చెప్పించుకునే అదృష్టం ఎంతమందికి పడుతుంది? మనవాళ్లూ తక్కువ తినలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లోని రెండు ప్రధాన పార్టీల అధినేతలు చెరొకసారి లోపలికెళ్లారు, ఒకరు చంచల్‌గూడలో పదహారు నెలలు, ఒకరు రాజమండ్రిలో యాభై రోజులకు పైగా. ఇద్దరూ విచారణ ఖైదీలే. ఇద్దరూ బయటికొచ్చి ముఖ్యమంత్రులయ్యారు. ఆ రోజుల్లో లోపలికి వెళ్లిన క్యారియర్లో ఏముందో, గదిలో దోమలెన్నో, ఫ్యాను ఎంత స్పీడులో తిరిగిందో ఛానళ్లు గంటగంటకూ చెప్పాయి. పక్క బ్యారక్‌లో ఎవరున్నారో, ఎన్నేళ్లుగా ఉన్నారో అడిగిన విలేఖరి నాకైతే కనబడలేదు.

ఇంటి క్యారియర్ అక్రమం కాదు. 1894 నాటి జైళ్ల చట్టం 31వ సెక్షన్ విచారణ ఖైదీకి తిండి, బట్ట, పరుపు బయటినుంచి తెప్పించుకునే వీలు ఇచ్చింది. తెచ్చేవాళ్లుండాలి, అంతే. దాని పక్కనే 32వ సెక్షన్ ఉంది. అలా వచ్చినదాంట్లో ఒక్క ముద్ద కూడా తోటి ఖైదీకి పెట్టకూడదు, పెడితే సౌకర్యం రద్దవుతుంది. దొంగతనానికి వచ్చినవాడు దానం చేస్తే శిక్ష! విక్టోరియా మహారాణి పోయాక కూడా శతాబ్దానికి పైగా ఆవిడ గారి క్యారియర్ నిబంధన చెక్కుచెదరలేదు. ఆ పాత చట్టం బదులు వాడుకోమని కేంద్రం 2023లో నమూనా చట్టం ఒకటి రాసి రాష్ట్రాలకు పంపింది.

పనిపాటల్లోనూ పాత మర్యాదలే. వంట ఏ కులం ఖైదీ చెయ్యాలో, ఊడ్చే పని ఏ కులం ఖైదీకి ఇవ్వాలో కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లు రాసిపెట్టుకున్నాయి. చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడనుకున్నారు? 2024 అక్టోబరు 3న. గాంధీ జయంతి మర్నాడు.

ఆదివాసుల హక్కుల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి సంగతి చెప్పేటప్పుడు మాత్రం నాకు వ్యంగ్యం సరిగా రాదు. ఎనభై దాటిన మనిషి, పార్కిన్సన్ జబ్బు, గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ ఇప్పించమని 2020 నవంబరులో కోర్టును అడిగితే, జవాబు చెప్పడానికి ఎన్ఐఏ ఇరవై రోజుల గడువు కోరింది. కోర్టు ఇచ్చింది. గడువు తీరాక, ఆ వస్తువులు తమ దగ్గర లేవని జవాబు వచ్చింది. 2021 జులై 5న ఆయన విచారణ ఖైదీగానే ఆస్పత్రిలో చనిపోయారు.

“ఆయనదంటే పెద్ద కేసులే” అన్నారు బాబాయిగారు. అయితే చిన్న కేసులకే వద్దాం. పైన చెప్పిన 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 76 మంది నేరం చేశారో లేదో కోర్టు అప్పటికింకా చెప్పలేదు. వీళ్లకి ఉన్న అసలైన వినోదం వాయిదా. ఒకప్పుడు వ్యానెక్కి కోర్టుకు వెళ్తే దారిలో జనం, బస్సులు, సినిమా పోస్టర్లన్నా కనబడేవి. అదీ ఎస్కార్టు పోలీసులు దొరికిన రోజున. ఇప్పుడు వీడియో వచ్చి ఆ పిక్నిక్కూ పోయింది. తెర ముందు మొహం చూపిస్తే తర్వాతి తేదీ చెబుతారు. బెయిలు వచ్చినా ష్యూరిటీ దొరక్క, ఇంటి పన్ను రసీదున్న ఇద్దరు పరిచయస్తులు లేక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల బెయిలు కాగితం జైల్లో ఉంది, వాళ్లూ జైల్లోనే ఉన్నారు. వీళ్ల క్రీడాస్ఫూర్తికి ఏ అర్జున అవార్డూ ఇవ్వడం లేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. బెయిలు డబ్బు కట్టలేని పేద విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకూ ఇచ్చే పథకం 2023లో కేంద్రం తెచ్చింది. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడకుండా, ఇప్పుడు మోపిన నేరానికి గరిష్ఠంగా పడే శిక్షలో మూడోవంతు కాలం ఇప్పటికే లోపల గడిపేసినవాణ్ణి బాండు మీద వదిలెయ్యాలని కొత్త నేర విచారణ స్మృతి 479వ సెక్షన్ అంటోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. పాత కేసులకూ ఇదే పద్ధతని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. ఈ సంగతులన్నీ లోపలున్నవాడికి తప్ప అందరికీ తెలుసు.

అందుకని బాబాయిగారూ, మీరు వాట్సాప్‌లో ఆ దర్శన్ ఫొటో మళ్లీ పంపేటప్పుడు దాని కింద ఒక నంబరు కూడా కొట్టండి: 15100. న్యాయ సేవాధికార సంస్థ వాళ్లది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి చట్టం చెబుతోంది. మీ గ్రూపులో ఎవరో ఒకరి తాలూకు మనిషి లోపల ఉండే ఉంటాడు. ఫోన్ చెయ్యమనండి.