ఒక్క ముక్క తక్కువ

పేక పంచినవాళ్లెవరూ నాకు పూర్తి అన్యాయం చేయలేదు. చేసుంటే బాగుపడేవాణ్ని. పదమూడు ముక్కలూ చెత్తవైతే మొదట్లోనే స్కూట్ అని కింద పడేసి, ఇరవై పాయింట్లతో బయటపడి, చాయ్ తాగుతూ పక్కవాడి ముక్కల్లోకి తొంగి చూడొచ్చు. నాకు మాత్రం ఎప్పుడూ ‘ఒక్క ముక్క వస్తే షో’ అనేటట్టే పడతాయి. ఆ ఒక్క ముక్క కోసం పేక అడుగు కనిపించేదాకా కూర్చుని, ఎనభై పాయింట్ల ఫుల్ కౌంట్ నెత్తినెత్తుకుని లేచిన రాత్రులు లెక్కలేనన్ని.

లెక్క రాక కాదు. ఆఠీన్ ఏడు, ఎనిమిది చేతిలో ఉంటే ఆరో తొమ్మిదో రావాలి. రెండు పేకల ఆటలో అవి నాలుగు ముక్కలు. ఏడూ తొమ్మిదీ ఉంటే మధ్యలో ఎనిమిదే కావాలి. అవి రెండే. ఆ రెండిట్లో ఒకటి అప్పటికే ఎదుటివాడి చేతిలో జోకరుతో కాపురం పెట్టేసి ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా నేను ఏడూ తొమ్మిదీ పట్టుకుని కూర్చుంటాను.

సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేస్తే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలని, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలని, కాబట్టి ఇది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని 1967లో తీర్పు వచ్చింది. ఆ న్యాయమూర్తులు నా పక్కన ఒక్క రాత్రి కూర్చుని ఉంటే తీర్పు ఇంకోలా ఉండేది.

2025 దసరాకు ఎల్లారెడ్డి దగ్గర మా అత్తగారింటికి వెళ్లాం. ఆ ఏడు దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. కోడి ఇంటిదే అయినా “గాంధీ తాత దినం నాడు వద్దు” అంది మా అత్త. దాంతో ఆ నాటుకోడి ఒక రోజు ఎక్కువ బతికింది. మర్నాడు కోడినీ గిన్నెలనూ పేకముక్కలనూ ట్రాక్టరులో వేసుకుని పోచారం ప్రాజెక్టు దగ్గరికి వనభోజనానికి పోయాం.

డాలస్ నుంచి వచ్చిన మా బామ్మర్ది కూడా ఉన్నాడు. అక్కడ వాడు శని, ఆదివారాలు పోకర్ టోర్నమెంట్లు ఆడతాడు. దారి పొడుగునా నా రమ్మీ కష్టాలు విని తేల్చి చెప్పాడు.

“బావా, నీకొచ్చేటియి మంచి పత్తాలే. వాటిని డ్రా అంటరు. ఆడుడే నీకొస్తలేదు.”

పోకర్లో మనిషికి రెండు ముక్కలు. మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి. తెరిచినప్పుడల్లా పందెం. ఒకే రంగువి నాలుగు కుదిరి ఐదోది రావాలంటే పేకలో పనికొచ్చేవి తొమ్మిది మిగులుతాయి. ఇంకా రెండు ముక్కలు తెరవాల్సి ఉంటే తొమ్మిదిని నాలుగుతో, ఒకటే మిగిలితే రెండుతో గుణించుకోవాలి. నూటికి ఎంత ఛాన్సో దాదాపుగా తెలిసిపోతుంది.

“నువ్వేం జేస్తవంటే, ముక్క కోసం చూసుకుంట ఎదుటోడు అడిగినంత ఇచ్చుకుంట పోతవ్. గట్ల కాదు. నువ్వే ముందు కొట్టాలె. అప్పుడు గెలిచే తొవ్వలు రెండు. భయపడి వాడు పత్తాలు పడేస్తే ఒకటి. పడెయ్యకున్నా నీకు ముక్క వస్తే ఇంకోటి.”

దీన్ని సెమీ బ్లఫ్ అంటారట. అంటే సగం అబద్ధం. డేవిడ్ స్క్లాన్‌స్కీ అనే ఆటగాడు దీని గురించి పుస్తకంలో విడమర్చి రాశాడట. సగం అబద్ధాలు నాకు కొత్త కాదు గానీ వాటికి పుస్తకం ఉందని అప్పుడే తెలిసింది.

“కానీ టోర్నమెంటుల పైలం బావా. ఉన్నయి అయిపోతే మళ్ల కొనుక్కునుడు లేదు. గెలిచినదాని కన్న పోయినదాని బరువెక్కువ.”

ప్రాజెక్టు దగ్గర పోకరే ఆడదామనుకున్నాం. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే ఆపేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతా అలాంటి ఆటల్ని నిషేధించింది. మాది చెట్టు కింద ఆటే అయినా భయం భయమే కదా. అందుకని చింతగింజలు, మనిషికి వంద. గెలిచినవాడికి కోడి కందనకాయ, రెండోవాడికి కార్జం, మూడోవాడికి తొడ ముక్క. మిగతావాళ్లకు పులుసు.

ఐదుగురం కూర్చున్నాం. మా ఆవిడ రెండో ఆటకే గింజలన్నీ ముందుకు తోసి, పోగొట్టుకుని, “నాకు పనుంది” అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. గంట తర్వాత చూస్తే మా మామ దగ్గర 210, బామ్మర్ది దగ్గర 165, నా దగ్గర 116. మా సడ్డకుడి దగ్గర తొమ్మిదంటే తొమ్మిది. ఆయన ఏ ముక్కలొచ్చినా చూడటం, నిట్టూర్చడం, పడేయడం.

అప్పుడు పడ్డాయి నాకు ఆఠీన్ ఎనిమిది, తొమ్మిది. మధ్యలో తెరిస్తే ఆఠీన్ ఏడు, ఆఠీన్ రెండు, ఇస్పేట్ పది. నా గుండె మత్తడి దుంకింది. ఏ ఆఠీన్ వచ్చినా రంగు కుదురుతుంది, అవి తొమ్మిది. ఆరు గానీ జాకీ గానీ వస్తే వరస కుదురుతుంది, అవి ఎనిమిది. రెండు లెక్కల్లోనూ పడ్డ రెండు ముక్కలు తీసేస్తే పదిహేను! జీవితమంతా ఒక్క ముక్క కోసం ఏడ్చినవాడికి పదిహేను ముక్కలు! నూటికి 54 పాళ్లు నాదే. పైగా ఎదుటివాడు భయపడితే నూటికి నూరు.

గింజలన్నీ తోసేశాను. బామ్మర్ది నా మొహం చూసి ముక్కలు పడేశాడు. సడ్డకుడు నిట్టూర్చి పడేశాడు. మిగిలింది మామ. పుస్తకం ప్రకారం ఆయన భయపడాలి.

మామ తువ్వాలతో మొహం తుడుచుకుని గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

“గదేంది మామా, పెడుతున్నవా?”

“అల్లుడు అడిగినంక లేదంటే మర్యాదుంటదా?”

పెళ్లప్పుడు నేను స్కూటర్ అడిగితే ఈ మర్యాద ఎక్కడికి పోయిందో అడుగుదామనుకున్నాను. అప్పటికే ఆయన ముక్కలు తిప్పేశాడు. ఇస్పేట్ ఆసు, కళావర్ పది. పదుల జత. బామ్మర్ది నాలుగో ముక్క తెరిచాడు, కళావర్ రాజు. ఐదోది, డైమన్ మూడు. నాకు పనికొచ్చే పదిహేనూ పేకలోనే పడుకుని ఉన్నాయి.

“నువ్వు ఆడింది తప్పు కాదు బావా,” అన్నాడు బామ్మర్ది. “ఇదే ఆట వందసార్లు ఆడితే యాభైనాలుగుసార్లు నువ్వే గెలుస్తవ్.”

“మిగతా తొంభైతొమ్మిది ఎప్పుడు ఆడదాం?”

“తప్పు ఇంకోటి జేసినవ్. నీ సడ్డకుని దగ్గర తొమ్మిది గింజలే ఉన్నయి. ఆయన పోయేదాక నువ్వు సప్పుడు జెయ్యకుంట కూసుంటే తొడ ముక్కన్న దక్కేది.”

సడ్డకుడు ఈసారి నిట్టూర్చలేదు. నవ్వాడు.

మామ మత్తడి వైపు చూస్తున్నాడు. 1917లో మొదలుపెట్టి 1922 నాటికి ఆలేరు వాగు మీద కట్టిన ప్రాజెక్టు ఇది. గేట్లు లేవు. నిండితే దానంతటది దుంకాల్సిందే. ఆ ఏడు ఆగస్టు చివర 70 వేల క్యూసెక్కులకు కట్టినదాని మీదికి 1.82 లక్షల క్యూసెక్కులు వచ్చాయని అధికారులు లెక్క చెప్పారు. పక్క కట్ట కోసుకుపోయినా నూరేళ్ల మత్తడి నిలబడింది. మామ పొలంలో మాత్రం ఎకరం ఇసుక మేట వేసింది.

“నాటేసినంక వాగొచ్చిందని పీక్కుంటమా బిడ్డా?” అన్నాడు. “నీకు వందసార్లని జెప్తుండు వీడు. నాకు ఏడాదికి ఒక్కటే వానకాలం. ఏసేటప్పుడు అన్ని లెక్కలు జూసే ఏస్త. ఏసినంక ఇగ జూడ.”

ఆయనను భయపెట్టడానికి నేను 116 చింతగింజలు వాడాను.

సాయంత్రం విస్తళ్లు వేశారు. కందనకాయ మామకు, కార్జం బామ్మర్దికి పోయాయి. సడ్డకుడు తొడ ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి, నాకు కనబడేటట్టు తిన్నాడు. నా విస్తట్లో అన్నం, దాని మీద పులుసు. మా ఆవిడకు జాలి వేసినట్టుంది. గిన్నె వంచి గరిటెతో అడుగంతా దేవుతూ అంది:

“ఆగుండ్రి, అడుగున ఒక్క ముక్క ఉండాలె.”

అన్నం కలపడం ఆపి, విస్తరి ముందుకు జరిపి కూర్చున్నాను.